చీనీకాయల బండి ఆయన కోసం పులివెందుల దాకా

మా అమ్మాయి విశాఖపట్నం నుంచి ఫోన్ చేసి మాకొక కొత్త పని అప్పగించింది. రోజూ పడుకోబోయే ముందు, ఆ రోజు జరిగిన మంచి ఏదో ఒకటి మేమిద్దరం ఒకరికొకరు చెప్పుకోవాలట. అలా చేస్తే మనసు తేలికపడుతుందట. మా అత్తగారు ఉండి ఉంటే, మంచిని పైకి చెప్పి లెక్కపెడితే దిష్టి తగులుతుందని కసిరేవారు. నాకు మాత్రం మాటలకేం కరువు? కూరగాయలావిడ కొత్తిమీర కొసరు వేసిందని ఒకరోజు, పక్కింటివాళ్లు టీవీ చప్పుడు తగ్గించారని ఇంకోరోజు చెప్పేదాన్ని. మా ఆయన లెక్కల మాస్టారుగా పనిచేసి రిటైరయ్యారు. ఆయన దగ్గర మాటలు పొదుపు. మొదటిరోజు బాగా ఆలోచించి "కరెంటు పోలేదు" అన్నారు. రెండోరోజు "పోయింది గానీ తొందరగా వచ్చింది" అన్నారు. మూడోరోజు నేను తలగడ అటు తిప్పుకుని పడుకున్నాను.

తర్వాత ఒకరోజు, నేనడగకుండానే, "ఆ చీనీకాయల బండి ఆయన" అన్నారు. నేనిక వేళాకోళం ఆడలేకపోయాను. పోయిన ఎండాకాలం మొదట్లో మేం గండికోట చూడటానికి వెళ్లాం. కోట చూసి, పెన్నా లోయ చూసి, తిరిగొచ్చే దారిలో ఒకచోట ఆటో ఆపుకుని దిగితే, రాళ్లలో నుంచి తేనెటీగలు లేచి మా ఆయన మీద పడ్డాయి. ఆటో అబ్బాయి తన ప్రాణం తాను దక్కించుకోవడానికి బండి తీసుకుని పోయాడు, అతన్ని అని లాభం లేదు. నేను చీర కొంగుతో ఆయన్ని కప్పి రోడ్డు మీదకు లాక్కొచ్చేసరికి ముఖం ఉబ్బిపోయి కళ్లు మూసుకుపోయాయి, ఊపిరి ఈలలాగా వస్తోంది. రెండు కార్లు అద్దాలు ఎక్కించుకుని వెళ్లిపోయాయి. అప్పుడొచ్చింది ఒక చిన్న సరుకుల బండి, నిండా చీనీకాయలతో. మా వైపు బత్తాయి అంటాం, కడప జిల్లాలో చీనీ అంటారు. డ్రైవరు దిగి, ఒక్కసారి మా ఆయన ముఖం చూసి, వెనక తలుపు దించి సగం కాయలు రోడ్డు మీదకు తోసేశాడు. ఆ ఖాళీలో గోనెసంచి పరిచి ఆయన్ని పడుకోబెట్టి జమ్మలమడుగు ఆసుపత్రి దాకా ఎలా తోలాడో ఆ దేవుడికే తెలియాలి. ఇంకాస్త ఆలస్యమైతే దక్కేవారు కాదని డాక్టరు చెప్పాడు. ఆయన్ని లోపలికి తీసుకెళ్లాక నేను వెనక్కి తిరిగి చూస్తే బండి లేదు.

చావు తప్పి కన్ను లొట్టపోయిందంటారే, అలాగే అయింది మా ఆయన పని. మనిషి దక్కాడు గానీ గడప దాటడం మానేశారు. పొద్దున నడక పోయింది, సాయంత్రం గ్రంథాలయం పోయింది. వంటింట్లో మిక్సీ వేస్తే ఉలిక్కిపడేవారు. డాక్టర్లు చెప్పిన మందులు వేసుకుంటారు, ఎవరేమడిగినా బాగానే ఉన్నానంటారు. ఇన్నాళ్లకు నోరు తెరిచి ఒకటి కోరారు. "ఆయన ఎవరో వెతికి ఒక్కమాట చెప్పి రావాలి. అది చెప్పకుండా నేను బతికి తిరుగుతుంటే ఏదో అరువు ప్రాణంతో తిరుగుతున్నట్టుంది" అన్నారు. మనిషి ఇల్లు కదులుతానంటే అంతకంటే నాకేం కావాలి? బండి ముందద్దం పైన ఎర్రరంగుతో 'దస్తగిరి' అని రాసి ఉండటం నాకు గుర్తుంది. మా దగ్గరున్న ఆచూకీ అదొక్కటే.

శివరాత్రి వెళ్లిన వారం, రంజాన్ నెల మొదలైన రోజుల్లో ఒంగోలులో బస్సెక్కాం. గిద్దలూరు మీదుగా రాత్రంతా ప్రయాణం, తెల్లవారేసరికి ప్రొద్దుటూరు. బస్టాండు ఎదురుగా ఆరువందలకు గది దొరికింది. శుభ్రంగా ఉంది, వేడినీళ్లు కూడా వచ్చాయి. స్నానాల గదిలోంచి మా ఆయన గొంతు వినిపిస్తే ఫోన్ మాట్లాడుతున్నారనుకున్నాను. కాదు. "అయ్యా, మీరు ఆరోజు ఆగకపోతే నేను ఈరోజు లేను" అని అద్దం ముందు నిలబడి వల్లె వేస్తున్నారు. ఒకసారి 'అయ్యా' తీసేసి, ఇంకోసారి పెట్టి, మూడోసారి 'నాయనా' అని మార్చి చూసుకుంటున్నారు. పెళ్లిచూపుల్లో కూడా ఈయన ఇంత తయారై రాలేదు. నేను చప్పుడు చేయకుండా మంచం మీద కూర్చున్నాను.

ప్రొద్దుటూరులో బంగారు అంగళ్ల వీధి చూడదగ్గదే. పొద్దున ఇంకా తలుపులు తీయలేదు గనక సరిపోయింది గానీ, అయినా మా ఆయన నడక వేగం పెంచారు. సందు చివర కారం దోశ తిన్నాం. ఎర్రకారం పూసి, పైన పప్పులపొడి చల్లి, పక్కన బొంబాయి చట్నీ వేసి యాభై రూపాయలు. కారం తక్కువ తినేవాళ్లు ముందే చెప్పుకోవాలి, నేను చెప్పుకోలేదు. అక్కడే మాకు కారు కుదిరింది. జమ్మలమడుగు, ముద్దనూరు మీదుగా పులివెందుల తీసుకెళ్లి దింపడానికి, రోజంతా మాతో ఉండటానికి డీజిల్‌తో కలిపి మూడువేల ఐదువందలు. డ్రైవరుకు యాభై ఏళ్లుంటాయి, పేరు మస్తానయ్య. నేను నా మర్యాద చూపించబోయి, "మీకు రోజా కదండీ, మీ ముందు తింటున్నాం, ఏమీ అనుకోకండి" అన్నాను. ఆయన అప్పుడే రెండో దోశ చెప్పి వస్తున్నాడు.

"నాకెందుకు రోజా తల్లీ? మేము వైష్ణవులం. తిరణాల్లో గోవిందలు కొట్టే వంశం మాది" అని నవ్వాడు. "పేరు జూసి అనుకున్యావా? మా యమ్మకు బిడ్డలు నిలవలే. దర్గాలో మొక్కుకున్యాక నేను నిలిస్తి. ఆ సామి పేరే పెట్టినారు. ఈ పక్క దస్తగిరి, మస్తాను, కాశింపీరు అని పేరుంటే సాయిబే కావాల్నని లేదు. మా వీధిలో ముగ్గురం ఉండాం, ముగ్గురం హిందువులమే."

నేను చేయి కడుక్కోవడం మర్చిపోయి నిలబడ్డాను. ఆ దస్తగిరి ముసల్మానే అనుకుని, మసీదుల దగ్గర అడగాలని వారం రోజులుగా పథకం వేసుకుని వచ్చాను మరి. మస్తానయ్య కారు తీస్తూ ఇంకోమాట అన్నాడు. "ఈడ మేలు జేసినోనికి థ్యాంక్సు జెప్పేది తెల్దు మాకు. పేరు పెట్టుకుంటాం, అంతే. మా యమ్మ సద్ది తినుపో మస్తానూ, యాడ సచ్చినావురా మస్తానూ అని దినాము ఎన్నిసార్లు పిలుస్తాదో, అన్నిసార్లు మొక్కినట్టే గదా." తిట్టినా మొక్కు కిందే జమ అన్నమాట. మా అమ్మాయి చెప్పిన దానికంటే ఇది సులువుగా ఉందని మా ఆయన వెనక సీట్లోంచి అన్నారు. ఆ రోజుకు ఆయన మాట్లాడిన మొదటి పెద్ద వాక్యం అదే.

ప్రొద్దుటూరు నుంచి జమ్మలమడుగు ముప్పావు గంట. దారి పొడుగునా శనగ చేలు, కోతలు అయిపోయి కొన్నిచోట్ల కుప్పలేసి ఉన్నాయి. గండికోట వెళ్లేవాళ్లకు జమ్మలమడుగు బస్టాండు దగ్గరే ఆటోలు దొరుకుతాయి, అరగంట ప్రయాణం. మేం వెళ్లలేదు. గండికోట అని రాసిన బోర్డు కనిపించగానే మా ఆయన కారు అద్దం పైకి ఎక్కించేశారు. ఆసుపత్రి ఎదురుగా పోయినసారి నేను టీ తాగిన బంకు అలాగే ఉంది. ఆ బంకు ఆవిడే నాకు మంచినీళ్లిచ్చి కూర్చోబెట్టింది. దిగి వెళ్లి, "అమ్మా, దస్తగిరి అని బండి మీద రాసుంటుంది, చీనీకాయలు తోలే ఆయన, మీకు తెలుసా?" అని అడిగాను.

అంతే, ఆవిడ ముఖం తలుపు వేసినట్టయింది. "నాకెవురూ తెల్దు" అంది. పక్కన టీ తాగుతున్న ఇద్దరు మగవాళ్లు గ్లాసులు పెట్టేసి లేచారు. బెంచీ మీద ఇంకో పెద్దాయన కారు నంబరు వైపు చూసి, "యా ఊరు మీది? ఆ మనిషితో మీకేం పని?" అన్నాడు. ఏదో చెప్పబోయేలోపు ఆయన కూడా లేచిపోయాడు. టీ అడిగితే పాలు అయిపోయాయంది ఆవిడ, పాలు పొయ్యి మీద పొంగుతుండగానే. నాకు ముక్కు మీద కోపం. పాలు చూపించి గొడవకు దిగబోతుంటే మస్తానయ్య కారు దిగి వచ్చాడు.

"అక్కా, కేసు గాదు, కోర్టు గాదు. ఈ సామిని ఆ పొద్దు ఆయప్ప ఆసుపత్రికి తెచ్చినాడంట. మొక్కి పోదామని వచ్చినారు" అన్నాడు.

ఆవిడ అప్పుడు మా ఆయన్ని తేరిపార చూసింది. "తేనెటీగలు కరిచినాయనేనా? మనిషిని గుర్తుపట్టేదానికి లేదే, ఆ పొద్దు నీది ముఖమా అది" అంది మెత్తగానే. అంటూనే పాలు దించి మూడు టీలు కలిపింది, డబ్బులిస్తే తీసుకోలేదు. "ఆయప్ప ఈడనే టీ చెప్పినాడు. సగం తాగి, మండీలో లారీ పోతాదని ఉరికినాడు. పులివెందుల మండీ అనే చెప్పినట్టు గ్యాపకం. పేరు నాకు తెల్దు తల్లీ, ఒట్టు." తిరిగి కారెక్కుతుంటే మస్తానయ్య నాకు పాఠం చెప్పాడు. "ఈడ మనిషిని ఎతకాలంటే పని ముందు జెప్పాల, పేరు తర్వాత జెప్పాల. పేరు ముందు జెప్తే ఏం గొడవో ఏమోనని ఎవురూ పలకరు." సరే, ఇది గుర్తుపెట్టుకోవాల్సిన మాటేనని నేను మనసులో ముడివేసుకున్నాను.

ముద్దనూరులో భోజనం చేశాం. రైల్వే స్టేషను దారిలో చిన్న హోటలు. రాగిసంగటి, ఊరిమిండి అంటే వేరుశనక్కాయల పచ్చడి, పప్పు, మనిషికి ఎనభై రూపాయలు. దూరంగా కరెంటు ఫ్యాక్టరీ పొగగొట్టాలు కనిపిస్తుంటే మా ఆయన సంగటి ముద్ద ఇంకోటి అడిగి వేయించుకున్నారు. ఇంట్లో నేను ఎంత బతిమాలినా రెండో గరిటె ముట్టని మనిషి. పులివెందుల వెళ్లే దారిలో తోటలు ఎక్కువయ్యాయి, అరటి, చీనీ. అద్దం దించుతానంటే వద్దనలేదు. నా కడుపు నిండిపోయింది, సంగటితో కాదు.

పులివెందులలో మండీ పెట్టిన చీనీకాయల టోకు వ్యాపారులు ఒకరు కాదు, చాలామందే ఉన్నారు. మూడుచోట్ల అడిగాక, ఆ పేరున్న బండి ఫలానా సావుకారు మండీలో తిరుగుతుందని, దాని మీదున్నది తోలే మనిషి పేరేనని చెప్పారు. రేకుల షెడ్డు, కింద గుట్టలు గుట్టలుగా కాయలు. ఆడవాళ్లు కూర్చుని చిన్నవీ పెద్దవీ వేరు చేస్తున్నారు. షెడ్డంతా పుల్లటి తీపి వాసన. సావుకారు అరవై దాటినాయన, మంచం మీద కూర్చుని ఫోన్లో ధరలు మాట్లాడుతున్నాడు. మమ్మల్ని చూసి ఫోన్ పక్కన పెట్టి, "రండి సామీ, యాడినుంచి వస్తాండారు?" అని కుర్చీలు వేయించాడు. అడక్కుండానే కాయలు కోయించి పెట్టాడు. ఇంత మర్యాదగా ఉన్న మనిషి దగ్గర దాపరికం ఎందుకు? నేర్చుకున్న పాఠం ప్రకారం నేను పని ముందు చెప్పాను. తేనెటీగలు, ఉబ్బిన ముఖం, వెళ్లిపోయిన కార్లు, రోడ్డు మీదకు తోసేసిన కాయలు, మీ బండి, మీ డ్రైవరు, మా ప్రాణదాత. అసలే నా నోట్లో నువ్వుగింజ నానదు. కాయలు వేరు చేసే ఆడవాళ్లు కూడా చేతులాపి వింటుంటే నేను ఇంకాస్త ఊపు మీద చెప్పాను.

సావుకారు ముఖంలో నవ్వు ఎప్పుడు పోయిందో నేను చూసుకోలేదు. "నా బండ్లోనా? మనుసుల్నా?" అన్నాడు. చేయెత్తి వెనక గోడ చూపించాడు. 'సరుకు బండిలో మనుషులను ఎక్కించరాదు' అని పెద్ద అక్షరాలతో రాసి ఉంది. "ఒగప్పుడు నా బండి మీద కూలోళ్లు ఎక్కినారు. బండి పల్టీ కొట్టి ఒగాయన పోయినాడు. ఆయన పెండ్లాము ఈ గడప కాడ కూర్చోని ఏడ్చింది నా కండ్లలోనుంచి పోలేదు ఇంగా. కోర్టుల ఎంబడి ఎన్నేండ్లు తిరిగినానో. అప్పటినుంచి కోడిపిల్లను గూడ ఎక్కించనియ్యను. ఎక్కిస్తే ఆ పొద్దే పనిలోనుంచి పో అంటా. ఇద్దరిని పంపించినా అట్ల." అంటూనే గుమాస్తా వైపు తిరిగి, "దస్తగిరిని రమ్మను" అన్నాడు.

మంచికి పోతే చెడు ఎదురైందంటే ఇదే. నా చేతిలో చీనీ తొన అలాగే ఉండిపోయింది. మా ఆయన నా వైపు చూడలేదు. చూసి తిట్టినా బాగుండేది. షెడ్డు వెనకనుంచి తలకు తువాలు చుట్టుకుని ఒకాయన వచ్చాడు. ముప్పై అయిదేళ్లుంటాయేమో, సన్నగా, పొడుగ్గా. నేను ఆ మనిషిని నిద్రలో లేపి చూపించినా గుర్తుపడతాను. ఆయన కళ్లు ఒక్కసారి మా ఆయన ముఖం మీద ఆగి, వెంటనే కిందకు దిగిపోయాయి.

"ఏమబ్బీ, పోయినేడు గండికోట కాడ ఈ సామిని బండ్లో ఏసుకోని ఆసుపత్రికి తోలినావా?" అని అడిగాడు సావుకారు.

"నేనెందుకు తోల్తా మామా? టైరు పేలి, తలుపు ఊడి, కాయలు పడిపాయ అని ఆ పొద్దే నీకు జెప్తి గదా. మనుసుల్ని నేనెక్కించుకోలే."

"మల్ల వీళ్లు నీ పేరు జెప్తాండారే?"

"నాకేం తెల్దు. నేను గాదు" అన్నాడు, నేల చూస్తూనే.

అప్పుడు మా ఆయన లేచి ఆ డ్రైవరు దగ్గరకు నడిచి వెళ్లారు. ఎదురుగా నిలబడి, కళ్లద్దాలు తీసి తుడిచి, మళ్లీ పెట్టుకుని చూశారు. ఈ మనిషికి ఒక్కమాట చెప్పడానికే ఏడాది తర్వాత గడప దాటి వచ్చారు. ఆ మాట ఆయన నోటి చివర ఉందని నాకు తెలుసు. పొద్దున వల్లె వేసినదంతా ఇప్పుడు చెప్పేస్తారనుకున్నాను.

"ఈయన కాదండీ" అన్నారు మా ఆయన.

"సరిగ్గా జూడు సామీ" అన్నాడు సావుకారు.

"చూశానండీ. ఆయన పొట్టి. కాస్త లావు కూడా. మా ఆవిడ కంగారులో బండి మీద పేరు తప్పు చదివినట్టుంది. మీకు ఇబ్బంది కలిగించాం, క్షమించండి." పిల్లాడు కూడిక తప్పు చేస్తే పావు మార్కు కూడా ఊరికే వేయని మాస్టారు ఆయన. ఇన్నేళ్ల కాపురంలో నాతో కూడా అబద్ధం చెప్పి ఎరగరు, చీర బాగుందా అంటే బాగాలేదనేస్తారు. అలాంటి మనిషి తొణక్కుండా బెణక్కుండా ఇంత పెద్ద అబద్ధం ఆడితే, నేను కూడా "అవునండీ, నా కళ్లే అంత" అని అందుకున్నాను. సావుకారు మమ్మల్ని, డ్రైవరును మార్చి మార్చి చూశాడు. నమ్మాడో లేదో నాకిప్పటికీ తెలియదు. "ఈ జిల్లాలో ఆ పేరుండే బండ్లు శానా ఉంటాయిలే తల్లీ. యాడనో ఒగసోట బాగుంటాడు ఆయప్ప" అని, గుమాస్తా చేత ఒక సంచి నిండా కాయలు పెట్టించి ఇచ్చాడు. డ్రైవరు తిరిగి షెడ్డు వెనక్కి వెళ్లిపోయాడు.

మస్తానయ్య మమ్మల్ని పులివెందుల బస్టాండులో దింపి, బాధపడొద్దని నాకు చెప్పి వెళ్లిపోయాడు. కడప బస్సుకు ఇంకా అరగంట ఉంది. రెండు గంటల్లోపు ప్రయాణం, కడప నుంచి మా ఊరికి రాత్రి బస్సులు ఉన్నాయి. నేను బెంచీ మీద కూర్చుని ఏడ్చాను. ఒకమాట చెప్పుకోవడానికి వచ్చి ఆ మనిషి కూడు పోగొట్టబోయానే అని ఏడుపు, మా ఆయన మాట నా వల్లే ఆయన నోట్లో ఉండిపోయిందని ఏడుపు. "ఊరుకో. చెప్పాల్సింది చెప్పే వచ్చాను" అన్నారాయన. నాకది ఓదార్పుగా అనిపించలేదు. సంచిలోంచి ఒక కాయ తీసి ఒలవడం మొదలుపెట్టారు.

అప్పుడు ఎవరో మాకు రెండు బారల దూరంలో, స్తంభం పక్కన వచ్చి నిలబడ్డారు. తలకు తువాలు లేదు గనక మొదట పోల్చుకోలేదు. మా వైపు తిరగకుండా, బస్సుల వైపు చూస్తూ, "వాపు అంతా పోయిందే సామీ. ఆ పొద్దు గుమ్మడికాయ మాదిరి ఉండె నీ మొగము" అన్నాడు.

మా ఆయన లేవబోయారు. "గమ్మున కూర్చో సామీ, మండీ వాళ్లు తిరుగుతాంటారు ఈడ" అన్నాడు. బస్సుల వైపే చూస్తూ మళ్లీ అందుకున్నాడు. "ఆ పొద్దు ఇంటికి పోయి మా పాపకు జెప్తి, ఒక తాతను తేనెటీగలు కరిస్తే ఆసుపత్రిలో ఇడిసి వచ్చినా అని. దానికి ఏడేండ్లు. పడుకునేటప్పుడు అడుగుతాది, తాత బాగుండాడా నాయనా అని. ఒగ దినం గాదు, నెలల తరబడి అడిగింది. ఆసుపత్రికి పోయి కనుక్కుందామంటే భయం. ఎవురన్నా సూస్తారని ఒగ భయం, నువ్వు లేవని జెప్తారని ఇంగో భయం. అందుకని బాగుండాడు పాపా, ఇంటికి పోయినాడంట అని జెప్తాంటి. దినామూ అదే అబద్ధం."

మొదటిసారి మా ఆయన కళ్లలోకి చూశాడు. "ఈ పొద్దు నిజమైపాయ" అన్నాడు.

మా ఆయన చేతిలో సగం ఒలిచిన కాయ ఉంది. అద్దం ముందు నేర్చుకున్న వాక్యం ఏమైందో ఏమో, ఒలిచిన తొనలు చేయి చాచి ఆయనకిచ్చారు. దస్తగిరి తీసుకుని అక్కడే నిలబడి తిన్నాడు. "బతికినావు సామీ, శానా సంతోసం" అని, చేయి ప్యాంటుకు తుడుచుకుని, వచ్చిన దారినే నడిచి వెళ్లిపోయాడు. కడప బస్సు వచ్చింది. టికెట్టు మనిషికి వంద పైచిలుకు. మా ఆయన కిటికీ పక్క సీటు అడిగి కూర్చున్నారు.

కృతజ్ఞత అంటే మన దగ్గరున్న మంచిని లెక్కేసుకోవడం అని నేను ఇన్నాళ్లూ అనుకున్నాను. మన లెక్కలోకి వచ్చినవాళ్లు మనల్ని ఎక్కడో తమ లెక్కలో వేసుకుని ఉంటారని నాకు తట్టనే లేదు. మేం ఆయన్ని తలుచుకున్న రాత్రుల్లో ఆ ఇంట్లో ఒక చిన్నపిల్ల మా ఆయన్ని తలుచుకుంది. ఆయనకు మేమేదో ఇవ్వడానికి వెళ్లాం. ఆయన కోరుకున్నది మా ఆయన ఊపిరి తీసుకుంటూ కనబడటం ఒక్కటే. అది మేం గడప దాటిన రోజే మోసుకుని బయల్దేరాం, మాకు తెలియలేదంతే. ఇది రాయనా వద్దా అని చాలా ఆలోచించాను. పేరు మార్చాను, అదే కోవలోని ఇంకో పేరు పెట్టాను. బండి రంగు, మండీ పేరు అసలు చెప్పలేదు. వేరేవాళ్లెవరూ పట్టుకోలేరు, సావుకారు చదివితే పట్టుకుంటాడేమో. పట్టుకున్నా, ఆ గడప కాడ కూర్చుని ఏడ్చినావిడను ఇంకా మర్చిపోని మనిషి గనక, బహుశా ఊరుకుంటాడు.

ఇలాంటి పని మీద ప్రయాణం కట్టేవాళ్లకు ఒక్కటే సలహా. మీకు మేలు చేసిన మనిషి పనిచేసే చోటికి నేరుగా వెళ్లి, నలుగురిలో కథ విప్పకండి. ముందు ఆ మనిషి కంటపడేలా ఎక్కడైనా కాసేపు నిలబడండి. మీరు బాగున్నారని ఆయన చూస్తే సగం పని అయిపోయినట్టే, మిగతా సగం ఆయనే వచ్చి చెబుతాడు.